ఏడో బల్ల పరీక్ష

నజ్మాకి కోపం ముక్కు మీద ఉంటుందని షెడ్డులో అందరూ అంటారు. అది శుద్ధ అబద్ధం. ముక్కు మీది కోపమైతే ఒక్క తుమ్ముతో పోయేది. నజ్మా కోపం పొద్దున్నే ఆవిడతోపాటు లేచి, టీ తాగి, తల దువ్వుకుని, కంపెనీ బస్సెక్కి డ్యూటీకి వస్తుంది. సాయంత్రం మళ్ళీ ఆవిడతోనే దిగుతుంది. మధ్యలో ఎవరి మీదా ఊరికే పడదు. పడాల్సినవాడి మీద పడితే మాత్రం వాడు తేరుకోవడానికి కొంచెం టైము పడుతుంది.

ఏలూరు తంగెళ్ళమూడిలో రెండు గదుల ఇల్లు. భర్త నవీద్ ఆటో తోలతాడు. నెమ్మదస్తుడు. "మీ ఆవిడ నోరు ఉంది చూశారూ..." అని ఎవరైనా మొదలుపెడితే, "ఆయ్, నాకూ చెవులున్నాయి కదండీ" అని నవ్వేసి ఆటో స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోతాడు. ఆ ఇంట్లో గొడవలు తక్కువ అంటే కారణం అతనే.

నజ్మా పని పెదపాడు దాటాక రోడ్డు పక్కనుండే రొయ్యల ఫ్యాక్టరీలో. కొల్లేటి చుట్టుపక్కల చెరువుల్లో పట్టిన రొయ్య ఐసులో అక్కడికి వస్తుంది. దాని తల తీసి, పొట్టు ఒలిచి, వీపులోంచి నల్ల నరం లాగి బేసిన్‌లో వెయ్యాలి. స్టీలు బల్లకి ఆరుగురు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా గంబూట్లు వేసుకుని నిలబడే ఉండాలి. నజ్మాది ఏడో బల్ల.

ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉంది. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలీదు, ఎవరూ ఎవరికీ నేర్పరు కూడా. కూలి బల్లకింత అని కడతారు, ఆరుగురూ సమంగా పంచుకుంటారు. అయితే సూపర్‌వైజరు తిరుగుతూ ఉంటాడు. ఎవరి బేసిన్ వెలితిగా కనిపిస్తే వాళ్ళని రేపట్నుంచి రావద్దనేస్తాడు. అందుకని ఎవరి చెయ్యి వెనకబడినా పక్కనున్నావిడ తన బేసిన్‌లోంచి ఓ గుప్పెడు తీసి ఆవిడ బేసిన్‌లో పడేస్తుంది. తల తిప్పి చూడదు. వేసినావిడ వేశానని చెప్పదు, వేయించుకున్నావిడ దండం పెట్టదు. దీన్ని షెడ్డులో "చెయ్యి వెయ్యడం" అంటారు. జ్వరంతో వచ్చినావిడకీ, నెల తప్పినావిడకీ, రాత్రంతా పిల్లాడితో ఆసుపత్రిలో కూర్చుని సరాసరి డ్యూటీకి వచ్చినావిడకీ చెయ్యి పడుతూనే ఉంటుంది.

నజ్మాకి ఇది కొత్తగా అనిపించలేదు. వాళ్ళ నాన్న అహ్మద్ తివాచీలు నేసేవాడు. ఏలూరు తివాచీ అంటే ఒకప్పుడు ఓడలెక్కి పోయేది. పొడవాటి మగ్గం ముందు చెక్క పలక మీద పిల్లలంతా వరసగా కూర్చుని ఉన్ని ముడులు వేసేవారు. ఈ చివర్నుంచి ఆ చివరిదాకా వరస పూర్తయితేగాని ఇనప దువ్వెనతో కొట్టడానికి లేదు. కాబట్టి తన ముక్క అయిపోయిన పిల్ల పక్కపిల్ల ముక్కలోకి జరగాల్సిందే. నజ్మా చెల్లెలు షిరీన్ మహా బద్ధకస్తురాలు. "దాని ముడులు సగం నేనే వేశాను. ఆ తివాచీ ఎవరింట్లో ఉందోగాని, దాని పేరు చెప్పుకుని నా ముడుల మీద నడుస్తున్నారు" అని నజ్మా ఇప్పటికీ దెప్పుతుంది.

ఆ మగ్గం ఎలా ఆగిపోయిందో కూడా ఆవిడకి బాగా గుర్తు. ఒకసారి తివాచీ పనివాళ్ళకి మంచి రోజులు తెస్తామని ఆఫీసర్లూ, ఎగుమతి చేసే షావుకార్లూ, సంఘం పెద్దలూ కలిసి ఒక కల్యాణమండపంలో కూర్చున్నారు. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, నజ్మా చెయ్యి పట్టుకుని వెళ్ళాడు. కుర్చీలు పెద్దవాళ్ళకే సరిపోయాయి. నాన్న వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాడు. శాలువాలు కప్పుకున్నారు, సమోసాలు పంచారు, శిక్షణ ఇస్తామన్నారు. ఇచ్చారు కూడా! పుట్టినప్పట్నుంచీ నేసేవాళ్ళకి కూర్చోబెట్టి నేత నేర్పారు, ఫొటోలు తీశారు, సర్టిఫికెట్లు ఇచ్చారు. నేసిన తివాచీ కొనేదెవరో మాత్రం ఎవరూ చెప్పలేదు. నాన్న సర్టిఫికెట్‌కి ఫ్రేము కట్టించి మగ్గం పైన గోడకి తగిలించాడు. కొన్నాళ్ళకి మగ్గం విప్పి కట్టెల కింద అమ్మేశారు. ఫ్రేము ఇంకా గోడకే ఉంది.

అందుకే మీటింగు అనే మాట చెవిన పడితే నజ్మాకి ఒళ్ళు మండుతుంది.

ఇక ఏడో బల్ల దగ్గర నజ్మా పక్కన నిలబడేది రత్నమాణిక్యం. కొల్లేటి లంక మనిషి, అరవైకి దగ్గరపడింది. నజ్మా ఆవిడని పిన్నీ అంటుంది. ఒకప్పుడు వాళ్ళ కుటుంబానికి చేపల చెరువులో చిన్న వాటా ఉండేది. సరస్సుని ఆక్రమించి తవ్వారంటూ ప్రభుత్వం గట్లు కొట్టేసినప్పుడు అదీ పోయింది. అప్పుడు లంకలోనూ ఓ మీటింగు పెట్టారు. వేరే ఉపాధి చూపిస్తామని ఆడవాళ్ళందరికీ కుట్టుమిషను నేర్పారు. "పక్కింటావిడ జాకెట్టు నేను కుట్టాను, నా జాకెట్టు ఆవిడ కుట్టింది. ఆ తర్వాత ఇంకెవరివి కుట్టాలో తెలీక ఇక్కడికొచ్చానే అమ్మాయ్" అని రత్నమాణిక్యం చెప్తే బల్లంతా పొట్ట పట్టుకుని నవ్వింది. ఏళ్ళ తరబడి ఐసులో పెట్టి పెట్టి ఆవిడ కుడిచేతి బొటనవేలు మొద్దుబారిపోయింది. చురకేసినా తెలీదు. అందుకని ఆవిడ బేసిన్‌లో రోజూ నజ్మా చెయ్యి పడుతుంది.

ఇలా ఉండగా షెడ్డు గోడకవతల కొత్త హాలు లేచింది. అందులోకి ఒలిచే మిషన్లు వస్తున్నాయని తెలిసి ఆడవాళ్ళకి అన్నం సహించలేదు. అప్పుడే యూనియన్ నాయకుడు హనుమంతరావు వచ్చాడు. పెద్దమనిషే. ఎండలో వానలో తిరిగి, లాఠీదెబ్బలు తిని, చివరికి దొరికినదాంతో సర్దుకోవడం అలవాటు చేసుకున్నవాడు. గేటు దగ్గర అందర్నీ పోగేసి మొహం వెలిగిపోతుంటే చెప్పాడు.

"గూడెం టౌనులో చర్చలు జరిగాయమ్మా. ప్రభుత్వం, కంపెనీ, మన యూనియన్, ముగ్గురం ఒకే బల్ల దగ్గర కూర్చున్నాం. మిషన్ల మీదకి బయటివాళ్ళని తీసుకోరు. మీకే శిక్షణ. జీతం నెలకి. ముందు చిన్న పరీక్ష పెడతారు, పాసైనవాళ్ళు మిషను మీదకి వెళ్ళిపోవడమే."

"పాసవనివాళ్ళో?" అంది నజ్మా.

"వాళ్ళ సంగతి తర్వాతి దఫా చర్చల్లో చూస్తామన్నారమ్మా."

"ఆ బల్ల దగ్గర రొయ్య ఒలిచిన చెయ్యి ఒక్కటైనా ఉందాండీ?"

"అదేంటమ్మా, నేనున్నాను కదా!"

"మీరెప్పుడు ఒలిచారండీ? ఆదివారం ఇంట్లో కూరలోకా?"

ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. హనుమంతరావు కూడా నవ్వేశాడుగాని మొహం కొంచెం చిన్నబోయింది.

పరీక్షకి ప్రభుత్వ శిక్షణ శాఖ నుంచి ఇందుజ అనే అమ్మాయి వచ్చింది. మొదట ఏడో బల్లకే పెట్టారు. చిన్న వయసు, మెత్తటి మాట. బల్ల చివర స్టాండు మీద కెమెరా పెట్టించి, "ఎవరి బేసిన్ వాళ్ళదేనండి. కంగారు పడకండి, రోజూ చేసినట్టే చెయ్యండి" అంది. పాపం, ఆ అమ్మాయి అన్న ఆ చివరి మాటే కొంప ముంచింది. రోజూ చేసినట్టే చేశారు మరి!

నజ్మా తల వంచుకుని ఒలుస్తోంది. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. మధ్యలో కుడిచెయ్యి తనంతట తనే లేచి ఓ గుప్పెడు రొయ్యల్ని పక్క బేసిన్‌లో పడేసి వచ్చేసింది. నజ్మాకి ఆ సంగతి తెలీనే తెలీదు. రత్నమాణిక్యానికి అటుపక్కనుండే సరోజ కూడా అదే పని చేసింది. గంట కొట్టేసరికి బేసిన్లన్నీ సమంగా ఉన్నాయి. ఏడో బల్ల ఆడవాళ్ళు పాసైపోయామనుకుని, ఐసుతో ఎర్రబడ్డ చేతులు ఆరబెట్టుకుంటూ సంతోషంగా బయటికొచ్చారు.

సాయంత్రం నోటీసు బోర్డు మీద ఏడో బల్ల మొత్తం ఫెయిలని పెట్టారు. కారణం, కాపీ కొట్టడం.

మేనేజరు వెంకట్రాజు నజ్మా ఒక్కదాన్నీ గదిలోకి పిలిచాడు. గొంతు పెంచే మనిషి కాదు. కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు, కంప్యూటరులో వీడియో పెట్టి చూపించాడు. నీలం టోపీలు పెట్టుకున్న ఆరు తలలు వంగి ఉన్నాయి. వాటి మధ్యనుంచి తన చెయ్యి లేవడం, పక్కకి వెళ్ళడం, ఖాళీగా తిరిగి రావడం నజ్మా మొదటిసారి చూసింది. ఇన్నేళ్ళలో ఆ చేతిని బయటినుంచి ఎప్పుడూ చూడలేదు. ఎందుకో కళ్ళు చెమర్చాయి. వెంకట్రాజు అది భయమనుకున్నాడు.

"నజ్మాగారూ, మీ చెయ్యి మంచిదండి. మీలాంటివాళ్ళని వదులుకోవాలని నాకేం లేదు. మీకొక్కరికీ మళ్ళీ పరీక్ష పెట్టిస్తాను. మిషను హాలుకి మిమ్మల్నే సూపర్‌వైజరుని చేస్తాం. రత్నమాణిక్యం బతిమాలితే వేశానని ఒక్క మాటనండి, చాలు."

"ఆవిడ బతిమాలలేదండి. ఇక్కడ ఎవరూ అడగరు."

"పోనీ, పొరపాటున పడిందనండి."

"పొరపాటు కాదండి."

"చూడకుండా వేశారుగా, వీడియోలో కనిపిస్తోంది."

"చూడలేదు కాబట్టి ఒక్క గుప్పెడే వేశానండి. చూసి ఉంటే ఇంకో గుప్పెడు వేసేదాన్ని."

టీ ముట్టకుండా లేచి వచ్చేసింది. గుమ్మం దాటాక ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. సూపర్‌వైజరు ఉద్యోగం! నవీద్ ఆటో మోకాళ్ళ నొప్పులతో మూలుగుతోంది, ఇంటి రేకులు మార్పించాలి. అన్నీ గుర్తొచ్చాయి. గుర్తొచ్చినకొద్దీ కోపం ఇంకా పెరిగింది.

బయట బస్సు దగ్గర రత్నమాణిక్యం కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. "నా ఒక్కదాని మూలాన మీ అందరి నోట్లో మట్టి పడుతోందే అమ్మాయ్. రేపట్నుంచి నేను మానేస్తాను. మీరు సుఖంగా రాసుకోండి పరీక్ష."

"ఊరుకోండి పిన్నీ. ఇంకోసారి ఆ మాటన్నారంటే మీ టిఫిను డబ్బా తీసుకెళ్ళి కొల్లేట్లో పారేస్తాను."

"అందులో చేపల పులుసుందే..."

"పులుసు తినేసే పారేస్తాను లెండి."

ఆవిడ ఏడుస్తూనే నవ్వింది. నజ్మా మాత్రం నవ్వలేదు. బస్సెక్కి మెట్టు మీదే నిలబడి గట్టిగా చెప్పింది. "వినండి. మళ్ళీ పరీక్ష పెడితే బల్లకి బల్ల, ఆరుగురం ఒక జట్టుగా కూర్చుంటాం. మనిషికి మనిషి కూర్చోం. ఏ బల్లయినా సరే. ఒప్పుకుంటారా లేదా?"

అప్పుడు సరోజే నోరు విప్పింది. షెడ్డులో అందరికంటే వేగంగా ఒలిచే పిల్ల. "అక్కా, నాకిద్దరు పిల్లలు. ఒక్కదాన్నీ కూర్చుంటే నేను కళ్ళు మూసుకుని పాసవుతాను. నువ్వు చెప్పడం తేలికే."

నజ్మా మెట్టు మీంచి లోపలికి వచ్చి సీట్లో కూర్చుంది. ఆ మాట అబద్ధం కాదు మరి. నోరున్న మనిషి నోరు మూతపడితే చూడ్డానికే బాగోదు. బస్సు ఏలూరు వైపు కదిలింది.

దిగేటప్పుడు సరోజ మెట్టు మీద ఆగింది. "నా చిన్నది కడుపులో ఉన్నప్పుడు వాంతులతో నేను సగం రోజు బాత్‌రూములోనే ఉన్నాను. నా బేసిన్ ఎప్పుడూ ఖాళీగా లేదు. ఎవరు వేశారో ఇవ్వాళ్టికీ నాకు తెలీదక్కా" అంది. మొహం తుడుచుకుంది. "సరే. బల్లకి బల్లే. కానీ గూడెం మీటింగుకి నువ్వు వెళ్ళు. యూనియన్ ఆయన్నొక్కణ్ణీ పంపితే సంతకం పెట్టేసి వస్తాడు."

మీటింగుకా? నజ్మాయా? నవీద్‌కి చెబితే అన్నం కలుపుతున్న చెయ్యి ఆపేశాడు. "నువ్వు మీటింగుకెళ్తే మీటింగువాళ్ళ మీద నాకు జాలేస్తోంది" అన్నాడు. తెల్లారి స్టేషనుకి తనే దింపాడు.

హనుమంతరావూ నజ్మా ప్యాసింజరెక్కారు. భీమడోలు దాటేదాకా ఆయన పేపరు చదివాడు. దాటాక మడతపెట్టాడు. "నజ్మమ్మా, పెద్దవాణ్ణి చెప్తున్నాను, వినమ్మా. సగం మందికైనా పని నిలబడుతుంది. గట్టిగా లాగితే ఈ సగమూ తెగిపోతుంది. నేను చాలా చూశాను."

"ఆ సగంలో మా పిన్ని ఉందాండీ?"

"ఉండకపోవచ్చు."

"అయితే అది మీ సగమండి. మాది కాదు."

ఆయన మళ్ళీ పేపరు తెరిచాడుగాని చదవలేదు. కిటికీలోంచి ఉంగుటూరు చేలు చూస్తూ కూర్చున్నాడు.

గూడెంలో ఒక హోటలు హాలు. పొడవాటి బల్ల, తెల్ల గుడ్డ, మంచినీళ్ళ సీసాలు, పేర్లు రాసిన అట్టముక్కలు. యూనియన్‌కి ఒకటే కుర్చీ. అందులో హనుమంతరావు పేరుంది. హోటలు కుర్రాడు వచ్చి, "అమ్మగారూ, మీరు అక్కడ కూర్చోండి" అని వెనక గోడ వైపు చూపించాడు. గోడ పొడవునా కుర్చీలు వేసి ఉన్నాయి. నజ్మా వెళ్ళింది. కూర్చోబోయింది.

కూర్చోలేదు. ఆ గోడని చూస్తే నాన్న ఇస్త్రీ చొక్కా కళ్ళ ముందుకొచ్చింది. ఆ రోజు మండపంలోంచి బయటికొచ్చాక, నువ్వెందుకు మాట్లాడలేదు నాన్నా అని తను అడిగింది. మనల్ని ఎవరూ అడగలేదు కదమ్మా అన్నాడు. నజ్మా ఆ కుర్చీని రెండు చేతులా పట్టుకుని హాలు మధ్యనుంచి ఈడ్చుకొచ్చింది. పాలరాతి గచ్చు మీద అది కీచుమంటూ వస్తుంటే అందరూ మాటలాపి చూశారు. తెచ్చి హనుమంతరావు పక్కన బల్లకి ఆనించి వేసుకుని కూర్చుంది. ఎవరూ వద్దనలేదు. ఎలా వద్దనాలో వాళ్ళకి తోచినట్టు లేదు.

వెంకట్రాజే మొదలుపెట్టాడు. మాటలు మర్యాదగానే ఉన్నాయి. అబద్ధాలు కూడా కావు. బయటి దేశాల్లో కొనేవాళ్ళు ధర తగ్గించేశారు, చేత్తో ఒలిచిన లెక్కకి అమ్మితే ఫ్యాక్టరీ నిలబడదు, మిషను మీద నికరమైన మనిషి కావాలి. "కాపీ కొట్టి పాసైన మనిషిని తెచ్చి మిషను మీద పెడితే రేపు వేలు తెగిందంటే జవాబు చెప్పేది నేనండి" అన్నాడు.

"మిషను మీద ఒక్క మనిషే ఉంటుందాండీ?" అంది నజ్మా.

"లేదండి. జట్టు ఉంటుంది."

"జట్టుగా పనిచెయ్యాలి, ఒంటరిగా పాసవ్వాలి. అంతేనాండీ?"

ఇందుజ తలెత్తింది. "నజ్మాగారూ, మా నియమాల్లో నైపుణ్యం అంటే మనిషిదేనండి. ఎవరెంత చేయగలరో విడివిడిగా చూడాలి."

"చూడండి మేడమ్, కాదనను. కానీ పక్కనావిడ వెనకబడితే చెయ్యి ఊరుకోదు. మేం వద్దనుకున్నా ఊరుకోదు. ఆ వీడియోలో మీరే చూశారు. అది మరిచిపోవడానికి కూడా మీ దగ్గర శిక్షణేమైనా ఉందా? ఉంటే చెప్పండి. ఎన్నాళ్ళు పడుతుందో కూడా చెప్పండి."

ఇందుజకి నవ్వొచ్చింది, ఆపుకుంది. వెంకట్రాజుకి రాలేదు. "ఇది చర్చండీ, సెంటిమెంట్లకి చోటు కాదు. హనుమంతరావుగారూ, కిందటిసారి మనం అనుకున్నదే కదా. మీరు సంతకం పెట్టేస్తే అయిపోతుంది" అని కాగితం జరిపాడు. ముగ్గురి సంతకాలూ లేకపోతే శిక్షణకి ప్రభుత్వ వాటా రాదు. అది లేకుండా కంపెనీ ముందుకెళ్ళదు. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు.

హనుమంతరావు పెన్ను తీశాడు. నజ్మా ఆయన వైపు చూడలేదు. చూస్తే ఏమంటుందో తనకే తెలీదు. ఏళ్ళ తరబడి దొరికిన సగానికి సంతకాలు పెట్టిన చెయ్యి అది. కాగితం మీద కాసేపు అలాగే ఆగింది. తర్వాత టక్కుమని చప్పుడైంది. పెన్ను క్యాపు పెట్టి జేబులో పెట్టేసుకున్నాడు.

"రాజుగారూ, మీరు కోప్పడకండి. ఆ బల్లల మీద ఎలా పనిచేస్తారో తెలీకుండా కిందటిసారి నేను ఒప్పేసుకున్నాను. ఆవిడ చెప్పినట్టు నేను ఆదివారం కూరలోకి తప్ప ఎప్పుడూ ఒలవలేదండి. బల్లకి బల్ల పరీక్ష పెడితేనే మా సంతకం."

ఆ తర్వాత చాలాసేపు వాదులాడుకున్నారు. టీలు వచ్చాయి, చల్లారాయి, మళ్ళీ వచ్చాయి. ముగ్గురూ ఒప్పుకుంటే నియమం మార్చి రాయొచ్చని ఇందుజ అంది. చివరికి వెంకట్రాజు ఓ షరతు పెట్టాడు. ముందు ఏడో బల్లే కూర్చోవాలి. నెగ్గితే అన్ని బల్లలకీ అదే పద్ధతి, శిక్షణ షెడ్డులోనే, డ్యూటీ టైములోనే. ఓడితే మాత్రం అందరికీ మనిషికి మనిషే పరీక్ష, ఇంకో మాట ఉండకూడదు. "ఒప్పుకుంటారా నజ్మాగారూ?" అన్నాడు.

"ఆయ్, ఒప్పుకున్నాం" అనేసింది నజ్మా. అనేశాకగాని అర్థం కాలేదు. షెడ్డులో ఉన్న ప్రతి ఆడదాని అన్నం ముద్దా తన బల్ల మీదకొచ్చి కూర్చుంది. తిరుగు రైల్లో హనుమంతరావు పల్లీలు కొనిపెడితే ఒక్కటీ నోట్లో వేసుకోలేకపోయింది.

ఏడో బల్ల పాసయింది. మీరు గాభరా పడకుండా ఆ ముక్క ముందే చెప్పేస్తున్నాను. బల్ల మీదున్న రొయ్యంతా గంట కొట్టేలోపే అయిపోయింది, విరిగిన రొయ్య లెక్కలోకి వచ్చేంత లేదు. ఇప్పుడు మిషను హాల్లో మొదటి జట్టు వాళ్ళే. రత్నమాణిక్యం బెల్టు చివర నిలబడి మిషను వదిలేసిన పొట్టు ఏరుతోంది. ఆ పనికి బొటనవేలితో అవసరం లేదు, కళ్ళుంటే చాలు. హనుమంతరావు ఇప్పుడు ఏ మీటింగుకెళ్ళినా యూనియన్‌కి రెండు కుర్చీలు వేయిస్తాడు. అయితే నేను చెప్పాలనుకున్నది అది కాదు. పరీక్ష మధ్యలో జరిగింది.

అదే షెడ్డు, అదే ఐసు, బల్ల చివర అదే కెమెరా. మిగతా బల్లల వాళ్ళంతా గోడ వార నిలబడి చూస్తున్నారు. వెంకట్రాజు చేతులు వెనక కట్టుకుని బల్ల పక్కనే నిలుచున్నాడు. గంట కొట్టారు. నజ్మా ఎప్పుడూ లేనంత వేగంగా ఒలవబోయింది. తొందరలో పెద్ద రొయ్య ఒకటి అడ్డంగా పట్టుకుంది. దాని తల ముల్లు గ్లవ్ చీల్చుకుని గోరు కింద దిగబడింది. ఎర్రగా బొట్టు కనిపించింది.

రక్తం వస్తే బల్ల దగ్గర ఉండకూడదు. అది షెడ్డులో మార్పు లేని రూలు. నజ్మా చెయ్యి పైకెత్తుకుని కుళాయి దగ్గరికి పరిగెత్తింది. కడుక్కుంది. ఆగదే ఆ రక్తం! మందు రాయాలి, వేలికి తొడుగు తొడగాలి, కొత్త గ్లవ్ వేసుకోవాలి, మళ్ళీ చేతులు కడగాలి. "యా అల్లా, ఇవ్వాళే దొరికిందా నీకు" అని ఆ రొయ్యని తిట్టిపోసింది. అందరి పనీ నిలబెడతానని బల్ల గుద్ది చెప్పి వచ్చిన మనిషి బేసినే ఖాళీగా ఉంది. బల్ల మొత్తం తన మూలంగానే ఓడిపోతుందనుకుంది. కొత్త గ్లవ్ తొడుక్కుని పరుగున తిరిగొచ్చింది.

వచ్చి చూస్తే తన బేసిన్ ఖాళీగా లేదు. అందరి బేసిన్లతో సమంగా ఉంది.

ఎవరూ తలెత్తలేదు. సరోజ చేతులు కనిపించనంత వేగంగా ఆడుతున్నాయి. ఆ చివరావిడ నరాలు లాగుతోంది. నజ్మా తన చోటులో నిలబడి ఒక రొయ్య తీసుకోబోయింది. అప్పుడు ఎడమపక్కనుంచి ఒక చెయ్యి వచ్చింది. మెల్లగా వచ్చింది. బొటనవేలు వంగని చెయ్యి. గుప్పెడు పట్టలేక మూడే రొయ్యల్ని అరచేతిలో పెట్టుకుని, ఒక్కటీ జారిపోకుండా నజ్మా బేసిన్‌లో వేసి వెనక్కి వెళ్ళింది. రత్నమాణిక్యం తల తిప్పలేదు. మాట్లాడలేదు. తన పని తను చేసుకుంటోంది. బొటనవేలు మొద్దుబారాక ఆవిడ చెయ్యి ఎవరి బేసిన్‌లోనూ పడింది లేదు.

నజ్మాకి షెడ్డంతా మసకబారింది. ముంజేత్తో కళ్ళు తుడుచుకుంది. తలెత్తి చూస్తే ఎదురుగా కెమెరా, దానికి అడ్డంగా వెంకట్రాజు వీపు. ఆవిడ గొంతు షెడ్డు ఆ చివరిదాకా వినిపించింది.

"రాజుగారూ, కాస్త పక్కకి జరుగుతారా అండీ? కెమెరాకి అడ్డొస్తున్నారు. మా పిన్ని చెయ్యి బాగా పడాలి."